ఈ పాపకు మీరేమవుతారు?

(కెనడాలోని విన్నిపెగ్‌లో తెలుగు కుటుంబాలు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పక్క గదిలో మన పిల్లల్ని ఆడిస్తూ కూర్చున్న అమ్మమ్మలకూ తాతయ్యలకూ ముందుగా నమస్కారం. వాళ్లు అక్కడున్నారు కాబట్టే మనం ఇక్కడ నిశ్చింతగా కూర్చోగలిగాం. నేను మాట్లాడబోయేది కూడా అమ్మమ్మల గురించే. అయితే మన అమ్మమ్మల గురించి కాదు, ఈ నేల అమ్మమ్మల గురించి, అంటే ఇక్కడి మూలవాసుల అమ్మమ్మల గురించి.

నేను ఈ ఊళ్లో నార్త్ ఎండ్‌లో ఒక ఫ్యామిలీ సెంటర్‌లో పదకొండేళ్లు పనిచేశాను. పెద్ద ఉద్యోగమేం కాదు. ఫారాలు నింపిపెట్టడం, ఆఫీసులకు ఫోన్లు చేయడం, కోర్టు రోజున తోడు వెళ్లడం. చేరిన మొదటి నెలలోనే ఒకావిడ వచ్చారు. అరవై దాటి ఉంటాయి. చేతిలో సరుకులు తెచ్చుకునే ప్లాస్టిక్ సంచి. సంచి నిండా కాగితాలు. టీకాల కార్డు, స్కూల్ రిపోర్టు, మనవరాలి మొదటి పన్ను ఊడితే దాచిన చిన్న కవరు. సీఎఫ్ఎస్ వాళ్లు, అంటే పిల్లల సంక్షేమం చూసే వాళ్లు, ఆ పాపను తీసుకెళ్లి అప్పటికి తొమ్మిది వారాలు. గార్డియన్‌షిప్ కోసం దరఖాస్తు పెట్టాలని వచ్చారు. ఆవిడ పేరూ ఊరూ చెప్పను, గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. పిల్లల కేసులకు ఆ గోప్యత ఉండాలి.

ఫారంలో ఒక గడి ఉంది. ఈ పాపకు మీరేమవుతారు? పెన్ను పట్టుకుని అడిగాను. "నేను దాని కూకుమ్‌ని" అన్నారు. నేను గ్రాండ్‌మదర్ అని రాయబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "అది కాదమ్మాయ్, కూకుమ్ అని రాయి" అన్నారు.

ఆ పట్టుదల ఎందుకో నాకు ఆ రోజు అర్థం కాలేదు. తర్వాత మెల్లగా అర్థమైంది. ఇక్కడి మూలవాసులైన క్రీ, ఒజిబ్వే కుటుంబాల్లో అమ్మమ్మనైనా నాయనమ్మనైనా కూకుమ్ అంటారు. తాతను మూషుమ్ అంటారు. అమ్మమ్మ చెల్లెలు కూడా కూకుమ్ వరసే. మనకు పెద్దమ్మమ్మ, చిన్నమ్మమ్మ ఉన్నట్టే. చాలా కుటుంబాల్లో మొదటి మనవడినో మనవరాలినో తాతా అమ్మమ్మలే పెంచడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అమ్మానాన్నలు వేటకు, పనులకు వెళితే పిల్ల ముసలివాళ్ల దగ్గర పెరుగుతుంది. వాళ్ల దగ్గరే భాష నేర్చుకుంటుంది, ఎవరు తన మనుషులో తెలుసుకుంటుంది. అంటే కూకుమ్ అంటే పండక్కి వచ్చిపోయే బంధువు కాదు. ఆవిడ అప్పటికే ఆ పిల్లకు గార్డియన్. ఆ పదవి ఆవిడకు కోర్టు ఇచ్చింది కాదు. నేను గ్రాండ్‌మదర్ అని రాస్తే ఆవిడ దరఖాస్తుదారు అయిపోతుంది. తన ఇంట్లో తను పెంచిన పిల్లను ఇప్పించమని అడిగే మనిషి అయిపోతుంది. నన్ను ఆపింది అందుకని.

మన సంగతి ఒక్కసారి చూడండి. మనలో చాలామంది సూపర్ వీసా మీద, అంటే తల్లిదండ్రులకూ తాతా అమ్మమ్మలకూ ఇచ్చే వీసా మీద, అమ్మనో అత్తగారినో తెచ్చుకున్నాం. 2011 డిసెంబర్‌లో ఆ వీసా మొదలైంది. 2022 జూలై నుంచి ఒక్కసారి వస్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు. అసలు కంటే వడ్డీ ముద్దు అని మనం అంటే, ఈ దేశం కూడా ఆ మాటను గౌరవించింది. మంచిదే, నాకు చాలా సంతోషం. కానీ మన అమ్మమ్మలు విమానమెక్కి వచ్చి మనవళ్లను పెంచడానికి దారి ఇచ్చిన ఈ దేశంలోనే, ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మమ్మలు మనవళ్ల కోసం కోర్టు మెట్లెక్కుతున్నారు. ఈ ఊళ్లో ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డ మనం ఇది తెలుసుకోకపోతే తప్పు.

లెక్కలు రెండే చెబుతాను. 2021 జనాభా లెక్కల ప్రకారం కెనడాలో 15 ఏళ్ల లోపు పిల్లల్లో మూలవాసుల పిల్లలు 7.7 శాతం. ఫోస్టర్ ఇళ్లలో, అంటే పిల్లల్ని తాత్కాలికంగా ఉంచే వేరే కుటుంబాల్లో, ఉన్న ఆ వయసు పిల్లల్లో మాత్రం వాళ్లు 53.8 శాతం. మన ప్రావిన్స్ మానిటోబాలో పరిస్థితి ఇంకా ఘోరం. కేర్‌లో, అంటే సీఎఫ్ఎస్ చేతుల్లో, ఉన్న ప్రతి పదిమంది పిల్లల్లో సుమారు తొమ్మిదిమంది మూలవాసుల పిల్లలే.

ఈ లెక్క విన్న మనవాళ్లు కొందరు నాతో అన్న మాట ఒకటుంది. "తల్లిదండ్రులు సరిగా చూసుకోకపోతే తీసుకెళ్లరా మరి?" అని. ఆ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. ముందు జరిగింది తెలియక అన్నారు. అది చెబుతాను.

ఈ రోజు అరవై, డెబ్బై ఏళ్ల కూకుమ్‌ల చిన్నతనం ఎలా గడిచింది? దేశమంతటా 1,50,000 మందికి పైగా మూలవాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి రెసిడెన్షియల్ స్కూళ్లకు, అంటే ఇంటికి దూరంగా ఉంచే హాస్టల్ బడులకు, తీసుకెళ్లారు. ఆఖరి స్కూళ్లు మూతపడింది 1990లలో. జుట్టు కత్తిరించారు, భాష మాట్లాడితే కొట్టారు. అమ్మ ఒడిలో పడుకోవాల్సిన వయసులో డార్మిటరీలో పడుకుని పెరిగిన పిల్ల, తర్వాత తను తల్లి అయ్యాక ఎలా పెంచాలో ఎవరిని చూసి నేర్చుకుంటుంది? ఆ స్కూళ్లు తగ్గుతున్న కాలంలోనే, 1960ల నుంచి, సంక్షేమం పేరుతో సోషల్ వర్కర్లు రిజర్వులకు, అంటే మూలవాసులకు విడిగా కేటాయించిన ఊళ్లకు, వచ్చారు. వేలమంది పిల్లల్ని తెల్లవాళ్ల ఇళ్లకు దత్తత ఇచ్చారు. దీన్ని సిక్స్‌టీస్ స్కూప్ అంటారు, గరిటెతో తోడుకెళ్లినట్టు తోడుకెళ్లారని. మానిటోబా పిల్లలు అమెరికాకు కూడా వెళ్లారు. 1982లో ఈ ప్రావిన్స్ బయటికి దత్తతలు ఆపేసింది. విచారణ చేసిన జడ్జి ఎడ్విన్ కిమెల్‌మన్ 1985లో రిపోర్టు ఇచ్చారు. ఒక పద్ధతి ప్రకారం, రోజువారీ పనిలాగా సాంస్కృతిక జాతి హననం జరిగిందని ఆయన రాశారు. ఉద్యమకారులు కాదు, ఫ్యామిలీ కోర్టు జడ్జి అన్న మాట అది.

అంటే ఈ రోజు మనవరాలి కోసం వచ్చిన కూకుమ్‌ని చిన్నప్పుడు తన కూకుమ్ దగ్గర నుంచి లాక్కెళ్లారు. ఆవిడ పిల్లల్ని ఆవిడ దగ్గర నుంచి లాక్కెళ్లారు. ఇప్పుడు మూడో తరం.

ఇంకో జీవితం కూడా చూడండి. మర్రే సింక్లెయిర్ గారి పేరు మీరంతా విని ఉంటారు. మానిటోబాలో జడ్జి అయిన మొదటి మూలవాసి. రెసిడెన్షియల్ స్కూళ్ల మీద వేసిన సత్య, సయోధ్యల కమిషన్‌కు అధ్యక్షుడు. 2024 నవంబర్‌లో చనిపోయారు. ఆయన ఇక్కడికి దగ్గరలో, సెల్కర్క్ దగ్గర పాత సెయింట్ పీటర్స్ రిజర్వు ఉన్నచోట పెరిగారు. ఏడాది పిల్లాడిగా ఉన్నప్పుడే తల్లి చనిపోయింది. నాయనమ్మా తాతా ఆయన్ని పెంచారు. ఆ పసివాణ్ణి పెంచుకోవడానికి వాళ్లను ఎవరైనా బెడ్‌రూములు లెక్కపెట్టి అడిగారని నేనెక్కడా వినలేదు. ఆ పిల్లాడే పెద్దయ్యాక 2015లో ఇచ్చిన కమిషన్ రిపోర్టులో ఏం చేయాలో చెప్పే 94 పిలుపులు ఉన్నాయి. మొదటి ఐదూ పిల్లల సంక్షేమం గురించే.

సరే, నేను సెంటర్‌లో పనిచేసిన రోజుల్లో ఏం జరిగేదో చెబుతాను. ఇది మీకు వివరంగా తెలియాలి.

ఒక రాత్రి తల్లి ఇంటికి సీఎఫ్ఎస్ వాళ్లు వస్తారు. పిల్లను తీసుకెళ్తారు. చాలాసార్లు కూకుమ్‌కు ఆ సంగతి ఆఫీసు నుంచి తెలియదు. పక్కింటివాళ్లు ఫోన్ చేస్తారు, లేకపోతే సోమవారం పిల్ల స్కూలుకు రాలేదని తెలుస్తుంది. ఆవిడ ఫోన్ చేస్తే, "వివరాలు చెప్పలేం, మీరు పేరెంట్ కాదు" అంటారు. నేను చూసిన వాళ్లలో చాలామంది వినిపించుకున్న మొదటి మాట అదే.

తర్వాత లైసెన్సు. చుట్టాలకు పిల్లను తాత్కాలికంగా ఇవ్వడానికి ఒక దారి ఉంది. ప్లేస్ ఆఫ్ సేఫ్టీ అంటారు. దానికైనా, పూర్తి ఫోస్టర్ లైసెన్సుకైనా చెక్‌లు ఉంటాయి. పోలీసు రికార్డు చూస్తారు. పిల్లల్ని హింసించినవాళ్ల రిజిస్ట్రీ చూస్తారు. ఈ రెండూ ఉండాలి, నేనే అడుగుతాను. మూడోది ప్రయర్ కాంటాక్ట్ చెక్. అంటే ఇంతకు ముందు మీకు ఈ శాఖతో ఏమైనా వ్యవహారం నడిచిందా అని. ఇక్కడే మన కూకుమ్ ఇరుక్కున్నారు. ఆవిడ చిన్నప్పుడు కేర్‌లో ఉన్నారు. పంతొమ్మిదేళ్లప్పుడు పుట్టిన మొదటి బిడ్డను ఏడాది పాటు తీసుకెళ్లారు. ముప్ఫై ఏళ్ల కిందట ఒక బార్ దగ్గర గొడవలో కేసు ఉంది. ఫైలు తెరిచిన వర్కర్ "హిస్టరీ ఉంది" అన్నాడు. ఆ హిస్టరీలో సగం ఆవిడ చేసింది కాదు, ఆవిడకు జరిగింది. కానీ ఫైల్లో ఆ రెండింటికీ వేరు వేరు గడులు లేవు.

ఆ తర్వాత ఇల్లు. రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు, అందులో కొడుకు కూడా ఉంటున్నాడు. పిల్లకు విడిగా గది కావాలన్నారు. పెద్ద ఇల్లు తీసుకుందామంటే పెన్షన్ సరిపోదు. పిల్ల వస్తే డబ్బు వస్తుంది, డబ్బు వస్తే ఇల్లు వస్తుంది, ఇల్లు ఉంటేనే పిల్ల వస్తుంది. ఈ చక్రంలో ఆరు నెలలు తిరిగాం మేము. రిజర్వుల్లో అయితే ఒక ఇంట్లో మూడు కుటుంబాలు సర్దుకుంటాయి. అక్కడ ఇళ్లకు డబ్బు ఇవ్వాల్సింది ఫెడరల్ ప్రభుత్వం. ఇల్లు చాలదని పిల్లను ఇవ్వననేది ప్రావిన్స్ చట్టం.

డబ్బు మాట వచ్చింది కాబట్టి అది కూడా చెబుతాను. ముక్కూ మొహం తెలియని ఫోస్టర్ కుటుంబానికి పిల్లకు రోజుకింత అని ఇస్తారు. ఇవ్వాల్సిందే, పిల్లను పెంచడం ఖర్చుతో కూడిన పని. అదే పిల్లను కూకుమ్ గొడవ లేకుండా ముందే తన ఇంటికి తెచ్చుకుంటే అప్పట్లో చాలాసార్లు ఏమీ వచ్చేది కాదు. పోనీ కోర్టుకెళ్లి గార్డియన్‌షిప్ సంపాదిస్తే, "ఇక పిల్ల మా కేర్‌లో లేదు" అని ఫైలు మూసేస్తారు. ఫైలుతో పాటు నెలనెలా వచ్చే డబ్బు, కౌన్సిలింగ్, కొన్నిసార్లు పళ్ల డాక్టర్ ఖర్చు కూడా పోతాయి. అందుకని చాలామంది కూకుమ్‌లు ఒక విచిత్రమైన ఎంపిక దగ్గర నిలబడతారు. మనవరాలు కాగితం మీద ప్రభుత్వం పిల్లగానే ఉండి, తను కేవలం ఫోస్టర్ తల్లిగా సంతకం పెడితే పూట గడుస్తుంది. తనే గార్డియన్ అయితే ఎవరూ ఆ పిల్లను మళ్లీ కదిలించలేరన్న ధైర్యం ఉంటుంది, కానీ ఇల్లు గడవదు. నన్ను సలహా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. రెండు దారుల్లోనూ ఏం వస్తుందో ఏం పోతుందో కాగితం మీద రాసి ఇచ్చేదాన్ని.

వీటన్నింటికంటే నన్ను బాధపెట్టింది కాలం. లైసెన్సు ఆలస్యం, వర్కర్ మారిపోవడం, కోర్టు వాయిదా. అలా ఏడాది గడుస్తుంది. మూడేళ్ల పిల్లకు ఏడాది అంటే జీవితంలో మూడో వంతు. ఏడాది తర్వాత కోర్టులో ఒక లాయర్ లేచి, పిల్ల ఫోస్టర్ కుటుంబానికి బాగా అలవాటైపోయింది, ఇప్పుడు కదిలిస్తే దెబ్బతింటుంది అంటాడు. అది అబద్ధం కాదు. పిల్ల నిజంగానే అలవాటు పడుతుంది. ఎవరో ఆలస్యం చేశారు, ఆ ఆలస్యమే కూకుమ్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం అయింది. అందుకే నేను ఎవరు వచ్చినా మొదటి రోజే చెప్పేదాన్ని. మీరు పిల్లను అడుగుతున్నట్టు ఈ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి, తారీకు వేయించుకోండి, విజిటింగ్ ఒక్కటి కూడా వదులుకోకండి అని.

భద్రత సంగతి దాటేసి వెళ్లిపోతే నేను నిజాయితీగా మాట్లాడినట్టు కాదు. 2005లో ఫీనిక్స్ సింక్లెయిర్ అనే ఐదేళ్ల పాపను తల్లీ, ఆమెతో ఉంటున్న మనిషీ చంపేశారు. ఆ పాప కేర్‌లోకి వచ్చి, తిరిగి వెళ్లిన పిల్ల. పాప చనిపోయిన సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియలేదు. ఆ విచారణ రిపోర్టు 2014లో వచ్చింది. ఆ తర్వాత ఈ ప్రావిన్స్‌లో పనిచేసే ప్రతి వర్కర్ మనసులో ఆ పాప ఉంటుంది. "నేను సంతకం పెట్టి పంపిన పిల్లకు ఏమైనా అయితే?" అనే భయాన్ని నేను తప్పు పట్టను. ప్రతి కూకుమ్ ఇల్లూ క్షేమమేనని కూడా నేను అనను. ఒకావిడకు నేనే చెప్పాను, మీ ఇంట్లో ఉన్న ఆ మనిషి బయటికి వెళ్లేదాకా పిల్ల రాకపోవడమే మంచిదని. ఆవిడ ఏడ్చారు. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు ఆ మనిషిని పంపించేసి వచ్చి ఫారం అడిగారు.

కానీ కేర్‌లో ఉంటే క్షేమం అన్న నమ్మకం ఎంతవరకు నిజం? టీనా ఫాంటైన్ సంగతి ఈ ఊళ్లో ఉన్నవాళ్లందరికీ తెలిసే ఉంటుంది. సగ్కింగ్ ఫస్ట్ నేషన్ అనే మూలవాసీ సమాజానికి చెందిన 15 ఏళ్ల పిల్ల. ఆమెను పెంచింది తండ్రికి మేనత్తో పిన్నో వరస అయ్యే ఆవిడ. మన లెక్కలో నాయనమ్మే. తండ్రి హత్యకు గురయ్యాక పిల్ల కుంగిపోయింది. పెంచిన ఆవిడ సహాయం చేయమని తనే సీఎఫ్ఎస్‌ను అడిగింది. 2014 వేసవిలో టీనా విన్నిపెగ్ వచ్చింది, కేర్‌లోకి వెళ్లింది, హోటల్లో పెట్టారు. ఆగస్టు 17న రెడ్ రివర్‌లో శవమై దొరికింది. మనం రోజూ దాటే నది అది. ఆ తర్వాతే పిల్లల్ని హోటళ్లలో పెట్టడం ఆపారు. సహాయం అడిగిన ఆ పెద్దావిడకు సహాయం అందలేదు. పిల్లను తీసుకోవడానికి మాత్రం వ్యవస్థ దగ్గర మనుషులూ డబ్బూ ఉన్నాయి. నా మనసు ఇప్పటికీ అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు చట్టం ఎంత మారింది అనేది. ఇది అధికారులు దయతలచి మార్చింది కాదు. 1980లో బ్రిటిష్ కొలంబియాలో స్పల్లుమ్‌షీన్ అనే చిన్న బ్యాండ్, అంటే ఒక మూలవాసీ సమాజం, మా పిల్లల సంగతి మేమే చూసుకుంటామని సొంత నిబంధన రాసుకుంది. దాన్ని ఒప్పించడానికి ఆ అక్టోబర్‌లో జనం ఊరూరా కలుస్తూ వ్యాంకూవర్ దాకా యాత్రగా వెళ్లారు. ముందు నడిచిన చీఫ్ వేన్ క్రిస్టియన్ కూడా చిన్నప్పుడు కేర్‌లోకి తీసుకెళ్లిన పిల్లాడే. మంత్రిగారి ఇంటి దాకా వెళ్లి ఒప్పించుకుని వచ్చారు. ఇక్కడ మానిటోబాలో 2000ల మొదట్లో మూలవాసుల సంస్థలకే పని అప్పగించారు. అయినా వాళ్లు నడపాల్సింది ప్రావిన్స్ చట్టాన్నే. చేతులు మారాయి, పుస్తకం మారలేదు.

2019లో పార్లమెంట్ మూలవాసీ పిల్లల సంక్షేమం మీద బిల్ సి-92 పాస్ చేసింది. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని ఏకగ్రీవంగా చెప్పింది. అందులో కూకుమ్‌లకు పనికొచ్చేవి చెబుతాను, మీకు తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. పిల్లను ఎవరి దగ్గర ఉంచాలి అన్నదానికి ఒక వరస పెట్టారు. మొదట తల్లి లేదా తండ్రి. వెంటనే కుటుంబంలోని మరో పెద్ద. ఆ తర్వాతే అదే సమాజంలోని మరొకరు. బయటివాళ్లు అందరికన్నా చివర. ఒకసారి బయట ఉంచినా, కుటుంబం దగ్గరికి పంపే వీలుందా అని మళ్లీ మళ్లీ చూస్తూ ఉండాలి. కేవలం పేదరికం వల్ల, ఇల్లు సరిగా లేనందువల్ల పిల్లను తీసుకెళ్లకూడదు. ఇంకోటి చాలా ముఖ్యం. పిల్లను రోజూ చూసుకునే మనిషి, ఆచారం ప్రకారం చూసుకుంటున్నా సరే, ఆ మనిషికి ముందుగా నోటీసు ఇవ్వాలి. కోర్టు కేసులో ఆ మనిషి కూడా ఒక పక్షమే. "మీరు పేరెంట్ కాదు" అని ఫోన్ పెట్టేయడం ఇక కుదరదు. మొదటిసారి ఆ సెక్షన్ ప్రింట్ తీసి ఒక కూకుమ్ చేతికిచ్చినప్పుడు ఆవిడ దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకున్నారు.

సొంత చట్టాలు కూడా వస్తున్నాయి. చీఫ్ పెగ్విస్ ట్రైల్ మీద రోజూ కారు నడిపేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ పేరున్న పెగ్విస్ ఫస్ట్ నేషన్ 2022 జనవరిలో తన పిల్లల చట్టాన్ని అమల్లోకి తెచ్చుకుంది. వాళ్ల పూర్వీకులు సెయింట్ పీటర్స్ నుంచి 1907లో ఉత్తరాదికి నెట్టబడ్డవాళ్లు. సింక్లెయిర్ గారు పెరిగిన చోటది.

ఇంకో మాట. మూలవాసీ పిల్లల కోసం పోరాడే సిండీ బ్లాక్‌స్టాక్ గారి సంస్థ, ఫస్ట్ నేషన్స్ అసెంబ్లీ కలిసి 2007లో వేసిన కేసులో, రిజర్వు పిల్లలకు తక్కువ డబ్బిచ్చి ప్రభుత్వం వివక్ష చూపిందని 2016లో మానవ హక్కుల ట్రిబ్యునల్ తేల్చింది. 2019లో పరిహారం నిర్ణయించినప్పుడు పిల్లలకే కాదు, వాళ్లను పెంచుతున్న తల్లిదండ్రులకు, వాళ్లు లేకపోతే పెంచుతున్న తాతా అమ్మమ్మలకు కూడా 40,000 డాలర్లని ఆదేశించింది. ఒక తీర్పులో తాతా అమ్మమ్మల పేరు నష్టపోయినవాళ్లుగా రావడం చిన్న విషయం కాదు. కానీ డబ్బు వచ్చేలోపు చనిపోయినవాళ్లు ఉన్నారు.

సరిహద్దు దాటి మినెసోటా వెళ్తుంటారు కదా మీరు షాపింగ్‌కి. అక్కడ వైట్ ఎర్త్ ఒజిబ్వే బ్యాండ్‌కు చెందిన ఒక అమ్మమ్మ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాత నేరం ఒకటి ఉందని ఆవిడకు ఫోస్టర్ లైసెన్సు లేకుండా పోయింది. పాప ఇళ్లు మారుతూ చివరికి ఒక జంట దగ్గర చేరింది. వాళ్లు ప్రేమగానే చూసుకున్నారు, దత్తత అడిగారు. బ్యాండ్ కలగజేసుకుని పాప మా మనిషి అని చెప్పాక, మూలవాసీ పిల్లల కోసం చేసిన 1978 నాటి చట్టం ప్రకారం పాపను అమ్మమ్మ దగ్గరికి పంపారు. ఆ జంట, మరికొందరు కలిసి అసలు ఆ చట్టమే చెల్లదన్నారు. 2023 జూన్‌లో 7-2 తేడాతో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఆ జంట బాధ కూడా నిజమైన బాధే. వాళ్లను తలుచుకుంటే నాకు అనిపించేది ఒకటే. మొదటి నెలలోనే ఆ అమ్మమ్మను వెతికి, ఆ లైసెన్సు సంగతి తేల్చి ఉంటే ఇద్దరు ఆడవాళ్ల గుండె, ఒక పసిపిల్ల గుండె పగిలేవి కావు.

మాది బాపట్ల వైపు. అందుకే ఇది చెప్పకుండా ఉండలేను. మా ఊరి పక్కనే స్టువర్టుపురం. 1913లో సాల్వేషన్ ఆర్మీ వాళ్లు ఎరుకల కుటుంబాల కోసం నడిపిన సెటిల్‌మెంట్. నేరస్థ తెగల చట్టం కింద ఆ మనుషుల్ని పుట్టుకతోనే దొంగలని రాశారు. ఆ చట్టంలోనే వాళ్ల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి స్కూళ్లలో పెట్టే అధికారం కూడా ఉంది. పెంపకం మారితే బాగుపడతారన్నది ఆలోచన. చిన్నప్పుడు ఆ ఊరి పేరు చెప్పి మమ్మల్ని భయపెట్టేవాళ్లు. అక్కడ కూడా మనవడి కోసం గేటు దగ్గర నిలబడ్డ అవ్వలు ఉండే ఉంటారని నాకు ఇక్కడికి వచ్చి, ఈ కూకుమ్‌ల పక్కన కూర్చున్నాక కానీ తోచలేదు.

మనవాళ్లలో ఫోస్టర్ తల్లిదండ్రులు అవుదామనుకుంటున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. సోషల్ వర్క్ చదువుతున్న పిల్లలూ ఉన్నారు. కావాలంటే అవ్వండి. మూలవాసుల పిల్ల మీ ఇంటికి వస్తే మొదటి వారంలోనే కూకుమ్ ఎవరో కనుక్కోండి. ఫోన్ నంబర్ అడగండి, ఆఫీసు ఒప్పుకుంటే ఆదివారాలు పిలవండి, బ్యానక్ రొట్టె చేయడం ఆవిడ దగ్గరే నేర్చుకోండి. పిల్ల మీతో ఉన్నన్ని రోజులూ ఆ దారి మూసుకుపోకుండా చూడండి. పిల్ల తన ఇంటికి వెళ్లిపోయే రోజు మీరే బట్టలు సర్ది పంపండి. అది కష్టం. ముందే మనసు సిద్ధం చేసుకుని చేరండి.

ఆ ప్లాస్టిక్ సంచి కూకుమ్ ఏమయ్యారని అడుగుతారు. పంతొమ్మిది నెలలకు పాప ఆవిడ దగ్గరికి వచ్చింది. వచ్చిన రాత్రి తన మంచం మీద పడుకోలేదట, తలుపు దగ్గర బూట్లు వేసుకునే పడుకుందట. పాపకు ఒక తమ్ముడున్నాడు. పుట్టిన కొన్నాళ్లకే తీసుకెళ్లారు, వేరే ఊళ్లో వేరే కుటుంబం దగ్గర ఉన్నాడు. ఆ పిల్లాడి కోసం కూకుమ్ ఇంకా తిరుగుతున్నారు. నెలకు ఒకసారి చూడనిస్తారు. రానూపోనూ నాలుగు గంటలు, ఆవిడకు కారు లేదు. ఇలాంటివాళ్లు మా సెంటర్ లిస్టులో ఇంకా కొంతమంది ఉన్నారు.

అందుకే ఈ తలుపు దగ్గర బల్ల మీద ఒక కాగితం పెట్టాను. నెలలో ఒక్క రోజు కారు నడపగలిగినవాళ్లు పేరు, ఫోన్ నంబర్ రాయండి. శీతాకాలంలో హైవే మీద నడిపే అలవాటు ఉందో లేదో రాయండి. పిల్లల కారు సీటు ఉంటే అది కూడా రాయండి, వచ్చేటప్పుడు ఒక్కోసారి ఇద్దరు వస్తారు.